పొల్యూషన్ సర్టిఫికెట్‌లో చదవాల్సిన అంకెలు

హైదరాబాద్‌లో సాయంత్రం నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ జీపీఓ దాకా బండ్లు కదిలేదానికంటే ఆగేదే ఎక్కువ. ఇంజిన్ ఆన్‌లోనే ఉంటుంది, బండి మాత్రం కదలదు. పెట్రోలు బైకుకు పొల్యూషన్ చెక్ చేసేదీ ఇలా ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడే. కాబట్టి అందులో వచ్చే అంకెలు ఈ రోడ్డు మీద మనం పీల్చే పొగ సంగతే చెబుతాయి.

పరీక్షకు ముందు ఇంజిన్ బాగా వేడెక్కాలి. తర్వాత ప్రోబ్‌ను సైలెన్సర్‌లోకి 300 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అడుగు లోతు దించాలి. పైపైన పెడితే బయటి గాలి కలిసి రీడింగ్ తగ్గిపోతుంది. బైకు సైలెన్సర్‌లో అంత లోతుకు పోకపోతే అదనపు గొట్టం తగిలించాలి. లోపలి గ్యాస్ పరారుణ కాంతిని ఎంత పీల్చుకుందో చూసి, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు ఎంతున్నాయో ఎనలైజర్ చెబుతుంది.

2010లో కొన్న ఫోర్‌స్ట్రోక్ బైకుకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3.5 శాతం, హైడ్రోకార్బన్లకు 4,500 పీపీఎం. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బైకుకు ఇవి 0.5 శాతం, 500 పీపీఎం. రెండూ పాసైనా, పాత బండికి ఏడు రెట్లు ఎక్కువ కార్బన్ మోనాక్సైడ్ వదిలే వీలుంది. 3.5 శాతమంటే 35,000 పీపీఎం. మనం పీల్చే గాలిలో గంట సగటున కార్బన్ మోనాక్సైడ్ ఘనపు మీటరుకు 4 మిల్లీగ్రాములు, అంటే సుమారు 3.5 పీపీఎం దాటకూడదన్నది జాతీయ ప్రమాణం. తేడా పదివేల రెట్లు! గాలి ఆడే చోట పొగ పలచబడుతుంది; బండ్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలిచిన చోట ముందున్న బస్సు, ఆటోల పొగంతా వెనకున్నవాళ్ల ముఖానికే.

డీజిల్ పరీక్ష వేరు. యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా పూర్తిగా తొక్కించి, పొగ ఎంత దట్టంగా ఉందో స్మోక్ మీటర్‌తో కొలుస్తారు. ఇలా కొన్నిసార్లు చేసి సగటు తీస్తారు. ఈ సగటు బీఎస్-4 బండికి మీటరుకు 1.62, బీఎస్-6 బండికి 0.7 దాటకూడదు. ఊపిరితిత్తుల్లోకి దూరే పీఎం 2.5 సూక్ష్మ ధూళిని, నైట్రోజన్ ఆక్సైడ్లను ఈ రెండు పరీక్షల్లోనూ నేరుగా కొలవరు. నా దృష్టిలో ఇది పెద్ద లోటే.

కేంద్ర మోటారు వాహనాల నిబంధన 115 ప్రకారం, రిజిస్ట్రేషనై ఏడాది దాటిన ప్రతి బండికీ సర్టిఫికెట్ ఉండాలి. బీఎస్-4, బీఎస్-6 బండ్లకు ఏడాదికోసారి, అంతకుముందువాటికి ఆరు నెలలకోసారి చెక్ చేయించాలి. సర్టిఫికెట్ లేకపోతే, 2019 సవరణ తర్వాత జరిమానా 10,000 రూపాయల దాకా పడొచ్చు.

ప్రోబ్ పెట్టకుండా ఇచ్చే కాగితం తీసుకోకండి. పాస్ అన్న మాటతో సరిపెట్టుకోకుండా, పరిమితి పక్కన వచ్చిన రీడింగ్ చూడండి. కిందటేడు కార్బన్ మోనాక్సైడ్ 0.1 శాతం ఉన్న బీఎస్-6 బైకు ఈసారి 0.4 చూపిస్తే, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ ఓసారి చూడమని మెకానిక్‌కు చెప్పండి.