గుప్పెడు బియ్యం వెనక ఇల్లాలు

పొద్దున్నే ఎసరు పెట్టి, బియ్యం కొలిచి చాటలో పోసుకుంటారు కదా! అందులోంచి ఒక్క గుప్పెడు తీసి వేరే కుండలో వేయమంటే మీరేమంటారు? 'గుప్పెడేగా, దానికేముంది' అంటారు. ఆ గుప్పెళ్లతోనే ఎన్నో పల్లెల్లో చర్చిలు నిలబడ్డాయంటే ఆశ్చర్యంగా లేదూ?

కాజీపేట జంక్షన్‌లో విజయవాడ వైపు వెళ్లే రైలెక్కితే దారిలో డోర్నకల్ వస్తుంది. తిరునల్వేలి ప్రాంతానికి చెందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1909లో ఇక్కడికి మత సేవకు వచ్చారు. తెలుగు నేర్చుకుని ఈ పల్లెల్లోనే ఉండిపోయారు. 1912 డిసెంబరు 29న బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. ఆయన కట్టించిన డోర్నకల్ పెద్ద చర్చి 1939లో ప్రతిష్ఠ జరుపుకుంది.

ఆ సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది కూలీనాలీ చేసుకునే దళిత కుటుంబాల వాళ్లు. మరి పాస్టరుగారి జీతం ఎక్కణ్ణించి రావాలి? ఇల్లాళ్లు వంట చేసినప్పుడల్లా గుప్పెడు బియ్యం తీసిపెట్టేవారు. కోతలయ్యాక జరిగే పండుగకు ధాన్యమో, కోడిపెట్టో, గుమ్మడికాయో ఎవరికి కలిగింది వాళ్లు తెచ్చేవారు. పేదవాళ్లు కూడా తమ సంఘాన్ని తామే పోషించుకోవాలన్నది అజరయ్యగారి పట్టుదల.

ఆయన భార్య అన్బుగారి గురించీ చెప్పుకోవాలి. వాళ్ల పెళ్లి 1898లో అయింది. ఆ కాలంలోనే కాలేజీ చదువు చదివిన ఆవిడ, డోర్నకల్ వచ్చి పల్లెటూరి ఆడవాళ్ల మధ్య పనిచేశారు. 1945 జనవరి 1న అజరయ్యగారు పదవిలో ఉండగానే కన్నుమూశారు.

బిషప్పుగారి సంగతి అలా ఉంచండి. పల్లెల్లో చర్చి భారం మోసేది సంఘ పెద్దలు. ఆరు రోజులు పొలం, ఏడో రోజు ఆరాధన. పెళ్లికీ చావుకీ ముందుండాలి, కానుకల లెక్క చూడాలి, వచ్చిన అయ్యగారికి భోజనం పెట్టాలి. పెద్దాయన సంఘం పనిమీద వెళ్తే గొడ్లకు మేత వేసేదెవరు? కలుపు కూలీలను పిలిచేదెవరు? వేళకాని వేళ వచ్చిన నలుగురికి పప్పుచారు కాచేదెవరు? అంతా ఇల్లాలే. పెద్దరికం మాత్రం ఆయనది!

వయసు మీదపడి ఆయన పొలం పనీ, చర్చి పనీ మానుకున్నాక అసలు ప్రశ్న వస్తుంది. రైతుకు ఆఫీసు పింఛను ఉండదు. ఉన్నది భూమే. దాన్ని కొడుకులు పంచుకుని, తల్లిని నెలకొకరింట్లో ఉంచే ఇళ్లు మీరు చూసే ఉంటారు.

క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ఏం చెబుతోందో తెలుసా? భర్త వీలునామా రాయకుండా పోతే, పిల్లలున్న భార్యకు ఆయన ఆస్తిలో మూడో వంతు వస్తుంది. మిగతాది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. పెళ్లయిందని కూతురి వాటా పోదు.

మీ అత్తగారో అమ్మో ఇలాంటి ఇల్లాలే అయితే, పెద్దాయన ఓపికగా ఉన్నప్పుడే పాసుపుస్తకం ముందు పెట్టుకుని ఈ మాట కదపండి. 'ఆవిడ పేరున ఎంత?' అని అడగడానికి మొహమాటపడకండి. గుప్పెడు గుప్పెడుగా ఊరి చర్చినే పోషించిన చెయ్యి ముసలితనంలో ఎవరి ముందూ చాపాల్సిన పని లేదు.