దిల్మున్ ఎక్కడ? ఫైలకా ద్వీపంలో పురాణం, భూగోళం

‘ఎల్డర్ స్క్రోల్స్’ అనే వీడియో గేముల వరుసలో సిరొడీల్ అనే కల్పిత దేశం ఉంది. 1998లో వచ్చిన గేముతో పాటు ఇచ్చిన చిన్న పుస్తకం ఆ దేశాన్ని ఉష్ణమండలపు కీకారణ్యంగా వర్ణించింది. 2006లో ‘ఒబ్లివియన్’ వచ్చేసరికి అక్కడ ఐరోపాను తలపించే పచ్చిక బయళ్ళు కనిపించాయి. ఆటగాళ్ళు నిలదీశారు. తర్వాతి భాగాలు రెండు సమాధానాలు చెప్పాయి: దేవుడైన ఒక చక్రవర్తి వాతావరణాన్నే మార్చివేశాడన్నది ఒకటి, పాత గ్రంథంలోని ‘అరణ్యం’ లేఖక దోషమన్నది మరొకటి. కల్పిత లోకంలో ఇది సరదా వివాదం. ఇదే చిక్కు నిజమైన నేల మీద ఎదురైతే ఎలా విప్పాలో కువైట్‌లోని ఫైలకా ద్వీపం చూపుతుంది.

కువైట్ నగరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో సముద్రంలో ఉన్న పల్లపు ద్వీపం ఫైలకా. 1990 నాటి ఇరాక్ దురాక్రమణతో ఊరు ఖాళీ అయింది. నివాసులు తిరిగి స్థిరపడలేదు. అలెగ్జాండర్ చరిత్ర రాసిన అరియన్, యూఫ్రటీస్ ముఖద్వారానికి 120 స్టేడియాల దూరంలో, అంటే దాదాపు 22 కిలోమీటర్లలో, ఒక ద్వీపం ఉందనీ, దానికి ఇకారోస్ అని పేరు పెట్టమని అలెగ్జాండర్ ఆజ్ఞాపించాడనీ చెప్పాడు. అక్కడ దట్టమైన చెట్లు, అర్తెమిస్ ఆలయం, ఆ దేవతకు అంకితమైన జింకలు, అడవి మేకలు ఉన్నాయట. స్ట్రాబో మాత్రం అదే ద్వీపంలో ప్రధానంగా అపోలో ఆలయాన్ని పేర్కొన్నాడు.

నేటి ఫైలకాలో అడవి లేదు. షట్ అల్ అరబ్ ముఖద్వారం 22 కిలోమీటర్లకు రెట్టింపు కంటె ఎక్కువ దూరంలో ఉంది. అయినా 1960లో డెన్మార్క్ పురావస్తు బృందానికి ఇక్కడ దొరికిన గ్రీకు శాసనం సందేహం తీర్చింది. సెల్యూకిడ్ అధికారి ఇకారోస్ నివాసులకు పంపిన ఆ లేఖలో రక్షకురాలైన దేవత ఆలయాన్ని తరలించే ప్రస్తావన ఉంది. దూరం కుదరకపోయినా చోటు కుదిరింది. నదులు ఒండ్రు మట్టి తెచ్చి పోసే తీరంలో ముఖద్వారం శతాబ్దాల తరబడి ఒకే చోట నిలవదు.

ఇంతకంటె పాత చిక్కు దిల్మున్‌ది. ఎన్కి, నిన్‌హుర్సగ్‌ల సుమేరియన్ కథలో దిల్మున్ పవిత్రభూమి. అక్కడ సింహం చంపదు, కళ్ళ జబ్బు లేదు, తలనొప్పి లేదు. అయితే ఆ స్వర్గంలో మొదట మంచినీళ్ళు కూడా లేవు. ఎన్కి దయతోనే నీరు పుట్టింది. నేటి బహ్రెయిన్ ప్రాచీన దిల్మున్‌కు కేంద్రమని పరిశోధకుల అభిప్రాయం. అక్కడ నేల మీదే కాక సముద్రగర్భంలో కూడా మంచినీటి ఊటలు ఉండేవి కనుక నీటి కథకు ఆధారం ఉంది. ఆరోగ్యం కథకు లేదు. ఆ కాలపు సమాధుల్లోని దవడల్లో పుచ్చిన పళ్ళు, ఊడిన పళ్ళు విరివిగా కనిపిస్తాయి. ఖర్జూరపు తీపి అందుకు ముఖ్య కారణం కావచ్చునని దంతాలను పరిశీలించినవారు భావించారు.

దిక్కు సంగతి మరొకటి. జలప్రళయం దాటిన జియుసుద్రకు దేవతలు సూర్యుడుదయించే దిల్మున్‌లో నివాసమిచ్చారని ఒక సుమేరియన్ కథ. సుమేరు నగరాలకు బహ్రెయిన్ ఆగ్నేయంలో ఉంది. ఈ తూర్పు దిక్కును గట్టిగా పట్టుకొని శామ్యూల్ నోవా క్రామర్ 1960లలో దిల్మున్ సింధు లోయ కావచ్చునన్నాడు. లెక్కల పలకల్లో రాగి దిల్మున్ నుండి వచ్చినట్లుంటుంది. బహ్రెయిన్‌లో రాగి ఖనిజం లేదు. ఇది వైరుధ్యం కాదు, వ్యాపారం. రాగి మగన్ అనబడిన ఒమాన్‌లో పుట్టింది, దిల్మున్ రేవుల మీదుగా ఊర్‌కు చేరింది.

బహ్రెయిన్‌కు సుమారు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫైలకాలో దిల్మున్ దేవుడు ఇన్జాక్ పేరున్న శాసనాలు, వందల కొద్దీ గుండ్రని దిల్మున్ ముద్రలు దొరికాయి. దిల్మున్ అనే పేరు మొదట అరేబియా తూర్పు తీరానికి, పిదప బహ్రెయిన్‌కు వర్తించి, క్రీ.పూ. రెండవ సహస్రాబ్ది తొలినాళ్ళలో ఫైలకా వరకు విస్తరించిందని పండితులు ఎక్కువగా అంగీకరిస్తారు. ‘దిల్మున్ ఎక్కడ?’ అన్న ప్రశ్నకు ‘ఎప్పుడు?’ అన్నది కూడా చేర్చితే సగం వైరుధ్యాలు తొలగిపోతాయి.

తెలుగువారికి ఈ చిక్కు కొత్తది కాదు. రామాయణంలో హనుమంతుడు దాటిన సముద్రం నూరు యోజనాలు. ధనుష్కోటి నుండి తలైమన్నార్ సుమారు 30 కిలోమీటర్లు. ఈ తేడాను ఆధారం చేసుకునే హెచ్.డి. సంకాలియా వంటివారు లంకను మధ్య భారతంలో వెతికారు. ఒక్క కొలతను నమ్మి పటం గీస్తే ఊళ్ళు ఎగిరిపోతాయి. కొలత తప్పిందని కథ మొత్తాన్ని పారవేస్తే ఇకారోస్ దొరికేదే కాదు.

కనుక ప్రతి వైరుధ్యాన్నీ విడిగా తూచాలి. నేల మారిందా, పేరు జరిగిందా, సరుకు దారిని పుట్టిన చోటుగా పొరబడ్డామా, లేక కవి స్వర్గాన్ని కోరుకున్నాడా? మొదటి మూడింటికి మట్టి, శాసనం, లెక్కల పలక సాక్ష్యమిస్తాయి. నాలుగవదానికి సాక్ష్యం అడగడం కవికి అన్యాయం; దాన్ని సాక్ష్యంగా చూపడం చరిత్రకు అన్యాయం.