పొడిదగ్గు – ఎన్నాళ్లు ఓర్చవచ్చును?

కఫము తెగక, గొంతు గరగరలాడుచు, రాత్రివేళ కునుకు పట్టనీయని దగ్గును ఆయుర్వేదము వాతకాసమన్నది. జలుబు తగ్గిన పిదప ఇది కొన్నాళ్లు మిగులుట సహజమే. అతిమధురము ముక్కను బుగ్గన నుంచుకొని రసము మింగినచో గొంతు నెమ్మదించును.

2 వారములు దాటినచో మాత్రము కషాయములతో కాలయాపన తగదు. కళ్లె పడుటలేదు గదా యని ఉపేక్షింపక క్షయ పరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వాసుపత్రులలో అది ఉచితము. సాయంకాలపు జ్వరము, చిక్కిపోవుట, ఆయాసము, నెత్తుటి చార – వీనిలో ఏది కనిపించినను ఆ గడువు కూడ లేదు. నాడే వైద్యుని చూడవలెను.

పలువురెరుగని సంగతి యొకటి. రక్తపోటునకు వాడు ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మాత్రలే కొందరికి పొడిదగ్గు తెచ్చును. తమంతట తాము మానక, వైద్యునితో చెప్పి మార్పించుకొనవలెను. అట్టివారికి అతిమధురము కూడ తగదు. అది రక్తపోటును పెంచును.