నంద్యాల–ఆళ్లగడ్డ రూట్‌లో బ్రిడ్జి మార్చాలంటే అంత టైమ్ ఎందుకు?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే హైవే మనందరికీ తెలిసిందే. ఒకప్పుడు ఎన్‌హెచ్ 18, ఇప్పుడు ఎన్‌హెచ్ 40. కర్నూలు, కడప మధ్య లారీలు, ఆర్టీసీ బస్సులు అన్నీ దీని మీదే. ఇలాంటి రోడ్డులో పాత బ్రిడ్జి తీసి కొత్తది కట్టాలంటే ఎందుకు లేట్ అవుతుందో చెప్తాను.

ఒకటి, నీళ్లు. కుందూ అయినా, వక్కిలేరు అయినా ఎండాకాలంలో సన్నగా పారతాయి, వానలు పడితే పొంగుతాయి. అందుకే పునాది పని ఎండలప్పుడే అయిపోవాలి. ఆ సీజన్ తప్పితే దాదాపు ఏడాది పోయినట్టే.

రెండు, కాంక్రీటు. మర్నాటికే గట్టిపడినట్టు కనిపిస్తుంది, కానీ దాని బలం లెక్కగట్టేది 28 రోజులకి.

ఇక ట్రాఫిక్. ఒక వైపు మూస్తే రెండో వైపే రానూ పోనూ. మధ్యలో డివైడర్ ఉండదు, ఎదురుగా లారీ! అక్కడ ఓవర్‌టేక్ చేస్తే తప్పుకోడానికి చోటుండదు.

వాగులో తూములేసి, మట్టి పోసిన డైవర్షన్ అయితే ఇంకా జాగ్రత్త. చెత్త అడ్డుపడితే నీళ్లు పైనుంచి పారతాయి. అడుగు నీళ్లే కదా అని బైక్ దింపొద్దు. కింద మట్టి ఉందో, కొట్టుకుపోయిందో పైకి కనిపించదు.

క్యూలో 108 సైరన్ వినిపిస్తే మాత్రం దారి ఇవ్వండి. మనకి పది నిమిషాలు లేటంతే, లోపలున్న వాళ్లకి అది ప్రాణం. ఉంటాను మరి.