జ్వరం పాయ, నొప్పి పోదేల?

వానే సరిగా పడని అనంతపురంలో దోమ జబ్బులేంటని బయటి ఊళ్లవాళ్లు అడుగుతుంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మాకు గొప్ప. అందుకే కొళాయి వచ్చిన రోజు డ్రమ్ము, తొట్టి, బాన, బిందె దేన్నీ వదలకుండా నింపిపెట్టుకుంటాం. ఏడిస్ ఈజిప్టై దోమకు కావలసింది ఆ నిలవ నీళ్లే. డ్రమ్ము ఎండినా గోడకంటిన గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, నీళ్లు పోయగానే పొదుగుతాయి. కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో నర్సుగా తిరిగినదాన్ని. ఎప్పుడో ఒకసారి వచ్చే నీళ్లను పారబోయమని చెప్పడానికి నాకు నోరు రాదు. పాత చీర గుడ్డ బిగించి కట్టండి, ఖాళీ అయినప్పుడు లోపల పీచుతో రుద్దండి అని మాత్రం చెబుతాను.

ఈ దోమే మోసుకొచ్చి, 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో బయటపడిన చికున్‌గున్యా రాయలసీమలో ఇంటిల్లిపాదినీ మంచం పట్టించింది. 2006లో దేశం మొత్తమ్మీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు లెక్కకొచ్చాయి. అంతమందికి ఒక్కసారే ఎందుకంటే, అంతకుముందు మన దేశంలో అది పెద్దగా చెలరేగింది 1973లో, మహారాష్ట్రలోని బార్సీలో. ముప్పై ఏళ్లకు పైగా కనబడని వైరస్‌తో మా ఒళ్లకు పరిచయమే లేదు.

శెనక్కాయ కట్టె పీకే చేతులు గ్లాసు ఎత్తలేకపోయాయి. ఒక అవ్వ కనబడినప్పుడల్లా నిలదీసేది: "జ్వరం ఎప్పుడో పాయ. నొప్పులు పోవేల నర్సమ్మా? నీ మాత్రల్లో సత్తువ లేదా ఏంది?"

మాత్రల తప్పు కాదు. వైరస్ చొరబడగానే ఒంట్లోని కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి పక్క కణాలను హెచ్చరిస్తాయి. ఒళ్లు కాలడం, నీరసం చాలావరకు ఈ ఎదురుదాడి వల్లనే. ఐదో రోజు ప్రాంతంలో ఐజీఎం యాంటీబాడీలు, ఆ వెనక ఐజీజీ తయారవుతాయి. వారం పది రోజుల్లో నెత్తుట్లో వైరస్ ఖాళీ. అయితే అప్పటికే అది కీళ్ల లోపలి పొరల్లోకి చేరి ఉంటుంది. దాని కోసం వచ్చిన మ్యాక్రోఫేజ్‌లు, టీ కణాలు అనే ఒంటి రక్షకులు అక్కడే తిష్టవేసి వాపు పుట్టిస్తాయి. వైరస్ ముక్కలు కొన్ని కీళ్లలో నెలలపాటు మిగిలి ఆ వాపును ఆరనివ్వవని శాస్త్రవేత్తల అనుమానం.

"అవ్వా, నిన్ను నొప్పి పెడతా ఉండేది నీ ఒంటి కాపలావాళ్లే" అన్నాను.

"అట్లాంటి కాపలా నాకొద్దు తల్లీ" అనింది.

వద్దంటే ఎట్లా? ఆ కాపలా ఉండబట్టే చికున్‌గున్యా ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రావడం చాలా అరుదు.

అదే దోమ తెచ్చే డెంగీ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. అందులో నాలుగు రకాలు. వచ్చిన రకం నుంచి రక్షణ చాలా ఏళ్లుంటుంది, మిగతావాటి నుంచి కొన్ని నెలలే. తర్వాత వేరే రకం సోకితే పాత యాంటీబాడీలు దానికి అతుక్కుంటాయి గానీ అణచలేవు. పైగా ఆ వైరస్‌కు తెల్లకణాల్లోకి దారి చూపిస్తాయి. రెండోసారి డెంగీ ఎక్కువ ప్రమాదమని 1960ల్లో బ్యాంకాక్ పిల్లలను పరిశీలించి చెప్పినవాడు స్కాట్ హాల్‌స్టెడ్. ఒంటి ఎదురుదాడి శ్రుతిమించితే సన్నని రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోతుంది. అది జరిగేది జ్వరం మండుతున్నప్పుడు కాదు, మూడు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం దిగేటప్పుడు. "ఒళ్లు చల్లబడింది" అని బిడ్డను బడికి పంపేది సరిగ్గా అప్పుడే! కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో నెత్తురు, మత్తు కనబడితే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఒళ్లునొప్పులని ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేస్తే నెత్తురు కారే ముప్పు పెరుగుతుంది, పారాసిటమాల్ చాలు. అందరూ ప్లేట్‌లెట్ల అంకె చేతపట్టుకొని వస్తారు. ఒంట్లో నీరు నిలిచిందో లేదో తెలియాలి కదా, అందుకే నేను మొదట అడిగేది, పొద్దుట్నుంచి బిడ్డ ఎన్నిసార్లు ఒంటికి పోసిందని.