ఇంటి ఫొటోలను దాచుకొను చోటు

పూర్వము మన యిండ్లలో ఫొటోలనగా గోడమీది పటములును, పెట్టెయడుగున పట్టుచీరెల నడుమ దాచిన ఆల్బమును మాత్రమే. వానికి శత్రువులు చెమ్మయు చెదలును. నేడు బిడ్డ పుట్టిన గడియనుండి ఫోనులో వందలకొలది చిత్రములు చేరుచున్నవి. చెదల భయము పోయినది గాని, ఫోను నీళ్లలో పడుట, దొంగలపాలగుట, ఉన్నట్లుండి వెలుగకుండుట యను క్రొత్త భయములు వచ్చినవి. కావుననే అంతర్జాలమున ఫొటోలు భద్రపఱచు కంపెనీల నాశ్రయింపవలసి వచ్చుచున్నది. క్లౌడు అని పేరేగాని అది మేఘము కాదు. ఎక్కడనో యొక పెద్ద భవనములో రేయింబవళ్లు పనిచేయు కంప్యూటర్లు. నగలను బ్యాంకు లాకరులో పెట్టునపుడు మనమెన్ని ప్రశ్నలడుగుదుము! ఫొటోల విషయమున మాత్రము ఫోను అమ్మిన అంగడి కుర్రవాడు నొక్కిన బొత్తామే మనకు ప్రమాణమగుచున్నది.

మొదట పరీక్షింపవలసినది ఉచితమను మాట. గూగుల్ ఫొటోస్ 2015లో మొదలైనపుడు, పరిమాణము కొంచెము తగ్గించి యెన్ని ఫొటోలనైనను ఊరక దాచెదమని ప్రకటించిరి. 2021 జూన్ 1వ తేదీతో ఆ యౌదార్యము ముగిసెను. ఇప్పుడు ఉచితముగా దొరకునది 15 జీబీ. జీమెయిలు ఉత్తరములును, డ్రైవులోని కాగితములును అందులోనే యిముడవలెను. ఫొటో యొక్కటి 3 ఎంబీ యనుకొన్నచో, మఱేమియు లేకున్నను, పట్టునవి ఐదువేలు. ఒక్క పెండ్లికే రెండువేలు తీయు కాలమిది! ఆపిల్ వారి ఐక్లౌడులో ఉచితము 5 జీబీయే. ఫ్లికర్ వారు 2013లో ఒక్కొక్కరికి ఒక టెరాబైటు, అనగా సుమారు వేయి జీబీ, ఇచ్చిరి. ఆ సంస్థ 2018లో చేతులు మాఱినపిదప, ఉచితఖాతాకు వేయి ఫొటోలే హద్దని 2019లో కట్టడి చేసిరి. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడెను. పికాసా 2016లో పోయెను. ఊరక నిచ్చిన చోటు ఇచ్చినవారి యిష్టమున్నంత కాలమే మనది.

ఇక రుసుము చెల్లించినచో? పాలకును పత్రికకును నెలనెల చెల్లించువారము దీనికి చెల్లించుట వింత గాదు. అయితే చెల్లింపు ఆగిననాడేమగునో ముందే తెలిసికొనవలెను. గూగుల్ వారి నియమము ప్రకారము, హద్దు మించి రెండేండ్లు గడచినచో దాచినవి తొలగింపవచ్చును. రెండేండ్లు తెఱవని ఖాతాలను తీసివేయుట 2023 డిసెంబరునుండి ఆరంభించిరి. ఇంట పెద్దవారి పేరున ఖాతా తెఱచి మఱచిపోవు మనవంటివారికి ఇది ముఖ్యమైన సంగతి.

పంచుకొనుట వేఱొక విద్య. భవభూతి ఉత్తరరామచరితము చదివినవారికి ప్రథమాంకములోని చిత్రదర్శనము జ్ఞాపకముండును. తమ గతచరిత్రమే చిత్రములై యుండగా చూచువారు సీతారామలక్ష్మణులు మువ్వురే. మంథర చిత్రము రాగానే రాముడు మాటాడక మఱియొక చిత్రమువంకకు దృష్టి మరల్చును. చూడదగినవారెవరు, చూపదగినదేది యను ఆ వివేకము ఫోను చేతబట్టిన మనకేల యుండరాదు? లింకు ద్వారా పంచిన ఆల్బమును ఆ లింకు చేజిక్కిన వారెవరైనను తెఱవగలరు. కావున లింకును ఆపివేసి, చూడవలసినవారి ఖాతాలనే పేరుపేరున చేర్చుట మేలు. ఎదిగిన యాడుపిల్లల ఫొటోలను, స్నానము చేయు పసిబిడ్డల ఫొటోలను బంధువుల గుంపులో పెట్టకుండుటయే మా మతము. కెమేరాలో స్థలసూచన యున్నచో ఫొటోవెంట మన యింటి జాడయు పోవుననుట పలువు రెఱుగరు. వాట్సాపులో మామూలుగా పంపిన ఫొటోకు స్ఫుటత తగ్గును. డాక్యుమెంటుగా పంపిన తగ్గదు.

మఱియొకటి. 2022లో పత్రికలకెక్కిన శాన్‌ఫ్రాన్సిస్కో వృత్తాంతము తల్లులందఱు వినదగినది. పసివానికి మర్మావయవమున వాపు రాగా, వైద్యునికి చూపుటకై తండ్రి ఫొటో తీసెను. గూగుల్ వారి యంత్రము దానిని దుష్టచిత్రముగా నెంచెను, ఖాతా మూతపడెను. నేరము లేదని పోలీసులు తేల్చినను ఖాతా మరల రాలేదు. ఏండ్లతరబడి చేర్చిన ఫొటోలును ఉత్తరములును దానితోనే పోయెను. వైద్యుని కొఱకు తీయు ఫొటో క్లౌడునకు ఎక్కకుండ ముందే ఆపుకొనవలెను.

మా బంధువులలో నొకామె భర్త హఠాత్తుగా గతించెను. ఇరువదియేండ్ల ఫొటోలన్నియు నాతని ఖాతాలో. పాస్‌వర్డు ఆతని మనస్సులో. ఆ కంపెనీకి మరణపత్రము మొదలుకొని కాగితములు పంపుచు ఆమె పడిన యవస్థ కంటితో చూచితిమి. కర్మకాండ ముగియకమున్నే కోడలు ఫోనులు పట్టుకొని తిరుగవలసి వచ్చెను. గూగుల్ ఖాతాలో, నిర్ణయించిన కాలము దానిని వాడకున్నచో మన ఫొటోలు ఎవరికి అందవలెనో ముందే వ్రాసిపెట్టు ఏర్పాటు 2013నుండి కలదు. ఆపిల్ వారును 2021 డిసెంబరునుండి వారసుని నియమించుకొన నిచ్చుచున్నారు. రెండును పది నిమిషముల పని. భర్తతో ఈ మాట యెత్తుట అమంగళమని జంకెడు సోదరీమణులు బీమాపత్రమున నామినీ పేరు వ్రాయునపుడు జంకలేదుగదా!

ఏది యెన్నుకొనవలెనందురా? ఇంటిల్లిపాదికిని ఐఫోనులే యైన ఐక్లౌడు సులభము. తమ్మునికొకటి, డాలస్‌లోని మఱదలికొకటిగా వేర్వేఱు ఫోనులున్న మనవంటి కుటుంబములకు గూగుల్ ఫొటోసే పనికివచ్చును. ఆరుగురు కలిసి యొక్క చందాతో చోటు పంచుకొనవచ్చును. ఒకరి ఫొటోలు మఱియొకరికి కనబడవు. ఏది యెన్నుకొన్నను రెండవ ప్రతి యింట హార్డుడిస్కులో నుండవలెను. టేకౌట్ అను సదుపాయముచే గూగుల్‌నుండి అన్నియు నొక్కసారి దించుకొనవచ్చును. ఆఱునెలల కొకతూరి యిది చేయుట మంచిది. క్లౌడునకు ఎక్కిన ఫొటోను ఫోనులో తుడిచిన, అక్కడను తుడిచిపెట్టుకొని పోవుననియు, చెత్తబుట్టలో అరువది దినములే నిలుచుననియు పిల్లలకు చెప్పి యుంచుడు.

పాత ఆల్బములను స్కాను చేయువారు ఫొటో ముందువైపుతో బాటు వెనుకవైపునుగూడ తీయవలెను. నాయనమ్మ సీసపుకడ్డీతో వ్రాసిన పేర్లును తేదీలును అక్కడనే యుండును.