మీ నంబరు ఏడా? ముందు థైరాయిడ్ చూపించుకోండి

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోర్సుల బోర్డులు చదువుతూ ఎప్పుడైనా నడిచారా? జావా, పైథాన్‌ల మధ్యలో ‘మిమ్మల్ని మీరు తెలుసుకోండి’ అనే కాగితం ఒకటి కనిపిస్తుంది. పుట్టిన తేదీ చెబితే మీ నంబరు, ప్రశ్నలకు టిక్కులు పెడితే మీ స్వభావం చెప్పేస్తారు.

అక్కడి హాస్టల్లో ఉంటూ కోర్సు చేస్తున్న ఓ అమ్మాయిని వాళ్లమ్మ బలవంతాన నా ఓపీకి తీసుకొచ్చింది. ‘‘ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తోందండీ. ఎప్పుడూ నిద్రే’’ అందావిడ. అమ్మాయి మాత్రం నెమ్మదిగా, ‘‘నాది ఏడో నంబరు సర్. ఏడు వాళ్లు ఒంటరిగానే ఉంటారట. ఇన్నాళ్లకు నన్ను నేను ఒప్పుకున్నాను’’ అంది.

ముఖం ఉబ్బి ఉంది. చర్మం పొడిబారింది. నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది. మే నెలలో స్వెటర్! మలబద్ధకం, జుట్టు రాలడం అడిగితే గానీ చెప్పలేదు. మామూలుగా నాలుగైదు లోపు ఉండాల్సిన టీఎస్‌హెచ్ ఎనభై దాటింది. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే శరీరంతో పాటు మనసూ మందగిస్తుంది. ఆ మందకొడితనాన్నే ఆ పిల్ల తన అసలు స్వభావం అనుకుంది.

ఈ జాతకాలు అంత కచ్చితంగా మనకే ఎలా సరిపోతాయి? 1948లో అమెరికా సైకాలజిస్టు బెర్ట్రమ్ ఫోరర్ 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ‘ఇదీ మీ వ్యక్తిత్వం’ అని తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత నిజమో అయిదుకు మార్కులు వేయమంటే సగటు నాలుగు దాటింది. తీరా చూస్తే అందరి కాగితమూ ఒక్కటే. అందులో వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి.

ధ్యానం వద్దనడం లేదు, నేనూ పొద్దున్నే పది నిమిషాలు కూర్చుంటాను. రమణ మహర్షి కూడా ‘నేనెవరు’ అని ఎవరికి వారు విచారించుకోమన్నారే గానీ నంబరు రాసివ్వలేదు. కానీ సాధన మొదలుపెట్టామని బీపీ, షుగరు, ఫిట్స్, మానసిక సమస్యల మందులు సొంతంగా ఆపకండి. మీకు గానీ, ఇంట్లో ఎవరికైనా గానీ బైపోలార్ సమస్య ఉంటే రాత్రంతా మేల్కొనే శిబిరాల జోలికి వెళ్లొద్దు. నిద్ర చెడితే అది తిరగబెట్టవచ్చు.

మీలో మార్పు కొత్తగా వచ్చిందా, చిన్నప్పటి నుంచీ ఉందా? ఇది అమ్మనో, రూమ్మేట్‌నో అడగండి. కొత్తదైతే, రెండు వారాలు దాటితే డాక్టరును కలవండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 చూస్తారు. దిగులే అయితే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పలుకుతారు.

పరగడుపున రోజూ మాత్ర వేసుకుని రెండు నెలల తర్వాత ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది, మెట్రోలో ఒక స్టేషన్ దూరమైన పంజాగుట్ట దాకా నడిచి వెళ్లొస్తోందట. ‘‘ఒంటరిగా ఉండటం ఇప్పటికీ ఇష్టమే సర్’’ అంది, ‘‘కాకపోతే ఆదివారాలు రూమ్మేట్ కూడా వస్తోంది.’’